మసి అంటిన మాట: ‘బ్లాగర్డ్’ మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బొబ్బిలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరాన్ని గత నెల ప్రశ్నగా మాత్రమే అచ్చువేసి, జవాబును ఈ సంచికకు వాయిదా వేశాము. ఈలోగా అదే మాట మీద విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి మరికొన్ని ప్రశ్నలు వచ్చాయి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని, ‘బ్లాక్‌గార్డ్’ అని రాసి ‘బ్లాగర్డ్’ అని పలికే ఒకే ఒక పాత ఇంగ్లీషు తిట్టుకు కేటాయిస్తున్నాను. ఒక తిట్టుకు ఇంత చోటు ఎందుకని కొందరికి అనిపించవచ్చు; బొబ్బిలి ఉత్తరం చదివిన తరువాత ఆ సందేహం ఉండదని నమ్ముతున్నాను.

ప్రశ్న: మా తాతగారు ఇంగ్లీషువారి కాలంలో ఒక దొరగారి కచేరీలో గుమాస్తాగా పనిచేసేవారు. ఒకనాడు లెక్కల దగ్గర మాటా మాటా పెరిగి దొర ఆయనను ఏదో అన్నాడట. మర్నాడే ఆయన రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చేశారు. ఆ రాజీనామా నకలు ఈమధ్య పాత ట్రంకుపెట్టెలో దొరికింది. దొర తనను ‘బ్లాక్‌గార్డ్’ అన్నాడనీ, ఆ మాట పడ్డ చోట ఇక పనిచేయలేననీ ఆయన ఇంగ్లీషులో రాసుకున్నారు. మా ఇంట్లో చిన్నప్పటినుంచీ విన్న కథ మాత్రం వేరు. “నల్ల కావలివాడా అన్నాడని బంగారంలాంటి ఉద్యోగం వదులుకున్నారు, కావలివాడంటే మాత్రం ఏం తప్పు, అంత పౌరుషమా” అని మా నాయనమ్మ మొదలుకొని అందరూ దెప్పేవారు. ఆ మాటకు అసలు అర్థం ఏమిటి? అది ఒంటి రంగును గురించిన తిట్టా?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అమ్మా, మీ తాతగారు ఆ మాటను సరిగ్గానే అర్థం చేసుకున్నారు. పొరపడింది తరువాతి వారు. మాటను రెండు ముక్కలుగా విడదీసి, ‘బ్లాక్’ అంటే నలుపు, ‘గార్డ్’ అంటే కావలివాడు అని ముక్కకొక అర్థం చెప్పుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. మీ తాతగారి కాలానికి ఇంగ్లీషులో ఈ మాటకు కావలితోగాని, ఒంటి రంగుతోగాని సంబంధం లేదు. నీతీ నియమం లేనివాడు, మాటకూ నడతకూ మర్యాద ఎరగనివాడు, పరువుగల మనుషుల సరసన నిలబడే అర్హత లేని నీచుడు అని దాని అర్థం. లెక్కలు రాసే గుమాస్తాను లెక్కల దగ్గర జరిగిన తగువులో ఆ మాట అన్నారంటే, ఆయన పనిని కాదు, ఆయన నిజాయితీనే కాదన్నారన్నమాట. కావలి కాయడం సిగ్గుపడవలసిన పని కాదని మీ నాయనమ్మగారు అన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. అయితే దొర అన్నది ఆ మాట కాదు.

ఈ మాట పుట్టుక వంటింట్లో ఉంది. 16వ శతాబ్దపు ఇంగ్లండులో రాజుల ఇళ్లలోనూ, పెద్ద ప్రభువుల ఇళ్లలోనూ వంటశాల అడుగుపనులు చేసేవారికి ఈ పేరు ఉండేది. అంట్లు తోమేవారు, పొయ్యిలోకి బొగ్గు మోసేవారు, మాంసం గుచ్చిన ఇనుప ఊచను సెగ దగ్గర కూర్చుని గంటల తరబడి తిప్పేవారు ఇందులో ఉండేవారు. రాజు సపరివారంగా ఒక భవనం నుంచి మరొక భవనానికి తరలివెళ్లేటప్పుడు కుండలు, పెనాలు, బొగ్గుబస్తాలు ఎక్కించిన బండ్ల మీద వీరు కూడా వెళ్లేవారు. ముందు నిగనిగలాడే ఆయుధాలతో అసలు రక్షకదళం నడుస్తూంటే, వెనుక మసి కొట్టుకున్న ముఖాలతో వీరి బండ్లు సాగేవి. ఆ వెనుక వరుసను చూసి, ఇదొక ‘నల్ల దళం’ అని ఎగతాళిగా పెట్టిన పేరే తరువాత మాటగా స్థిరపడిందన్నది నిఘంటుకారులు ఎక్కువగా మొగ్గు చూపే వివరణ. అందులోని నలుపు చర్మానిది కాదు, మసిది. మన పెళ్లిళ్లలో గాడిపొయ్యి మీదినుంచి దింపిన గుండిగల అడుగుమసిని గోకి, చింతపండు వేసి తోమే మనుషులను తలచుకుంటే, ఆ పేరు మొదట ఎవరిదో మనకు సులభంగా బోధపడుతుంది. వాళ్లు లేనిదే విందు లేదు. విందు తిన్నవారే వాళ్లను చూసి నవ్వి ఆ పేరు పెట్టారు.

ఆ తరువాత ఆ పేరు వంటింటి గడప దాటింది. సైన్యాల వెంట సామాను మోస్తూ తిరిగే జనానికి, ఆపైన లండను వీధులలో నిలువ నీడ లేక చిల్లర పనులు చేసుకునే పిల్లలకు వర్తించింది. సామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన ప్రసిద్ధ నిఘంటువు దీనిని పామరుల నోటి మాటగా పేర్కొని, మురికివాడు, అధముడు అని అర్థం చెప్పింది. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన వీధిమాటలన్నీ సేకరించి 1785లో ప్రత్యేకంగా ఒక నిఘంటువు ప్రకటించాడు. అశ్విక రక్షకదళం ఉండే చోటా, సెయింట్ జేమ్స్ ఉద్యానవనంలోనూ సైనికుల బూట్లకు నల్లరంగు పూస్తూ తిరిగే చింపిరి గుడ్డల పిల్లల నుంచి ఈ మాట పుట్టిందని ఆయన చెప్పాడు. మాట అంతకంటే పాతదే కాబట్టి పుట్టుక విషయంలో ఆయన చెప్పినదాన్ని పూర్తిగా ఒప్పుకోలేము గాని, 18వ శతాబ్దంలో ఆ మాట వినగానే లండను మనిషి కళ్లముందు కదిలే రూపం ఏదో దానివల్ల తెలుస్తుంది. పొయ్యి మసి పోయి, బూటు మసి వచ్చింది.

ఇక్కడే మాట అసలైన మలుపు తిరిగింది. మురికి పని చేసేవాడు అన్న అర్థం క్రమంగా మురికి నడత గలవాడు అన్న అర్థమయింది. అలా మారిన తరువాత దానికి పేదవాడే దొరకనవసరం లేదు. పట్టు చొక్కా తొడుక్కున్న ప్రభువును కూడా ఆ మాట అనవచ్చు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు సమాజంలో ‘జెంటిల్మన్’ అన్న మాటకు సరిగ్గా ఎదురుగా నిలబెట్టిన మాటలలో ఇది ముఖ్యమైనది. ఒక పెద్దమనిషి మరొక పెద్దమనిషిని నలుగురి ముందు ఆ మాట అంటే, అది పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధానికి పిలుపుగా పరిణమించే రోజులు ఉండేవి. ఇంగ్లండు గడ్డ మీద ప్రాణం తీసిన చివరి ద్వంద్వయుద్ధం 1852లో జరిగింది. ఆ ఆచారం అంతరించిన తరువాత కూడా చాలాకాలం ఈ మాట బరువు తగ్గలేదు. అనిపించుకున్నవాడు ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనన్న భావన మిగిలింది.

మీ తాతగారు ఎదుర్కొన్నది ఆ బరువునే. దొరతో ద్వంద్వయుద్ధం చేయగల స్థితి మన గుమాస్తాకు లేదు. ఎదురు తిడితే జైలు, ఊరుకుంటే ఒప్పుకోలు. ఆ రెండూ కాక మూడో దారిగా ఆయనకు మిగిలింది కాగితం, కలం. ఆ మాటను యథాతథంగా కాగితం మీద పెట్టి, దానికి కట్టుబడి ఉద్యోగాన్ని వదులుకోవడం పౌరుషం కోసం చేసిన తొందరపాటు కాదు. ఇంగ్లీషువాడి మర్యాదల ప్రకారమే, ఇంగ్లీషువాడి భాషలోనే ఇచ్చిన జవాబు. ఆ భాషను అంత లోతుగా చదువుకున్న మనిషి కాబట్టే ఆయన అలా చేయగలిగారు.

రంగు గురించి మీరు అడిగినదానికి ఒక్క మాట చేర్చాలి. ఈ మాటతో ఇంగ్లీషువారు తమలో తామే ఒకరినొకరు తిట్టుకున్నారు. కాబట్టి పుట్టుకలోగాని వాడుకలోగాని ఇది జాతిని తక్కువ చేసే మాట కాదు. అయినా పాలించే తెల్లదొర పాలితుడైన మనిషి ముఖం మీద ఆ మాట అన్నప్పుడు, అందులోని మొదటి ముక్క చెవికి ఎలా తగిలి ఉంటుందో మనం ఊహించగలం. అది దొర అహంకారంలో ఉన్న విషం, మాట అర్థంలో ఉన్నది కాదు. రాజీనామాను తెలుగు చేసి పిల్లలకు చదివి వినిపించదలిస్తే, ఆ చోట ‘నీతిమాలిన నీచుడు’ అని రాయండి. ట్రంకుపెట్టెలోని ఆ కాగితాన్ని మళ్లీ మడత పెట్టి అడుగున వేయవద్దని నా మనవి.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. ఈ మాటను ‘బ్లాగర్డ్’ అని పలకాలని నిఘంటువులో ఉంది. అక్షరాలలో సీ, కే రెండూ ఉండగా అవి ఎందుకు వినిపించవు? పిల్లలకు కారణం ఎలా చెప్పాలి?
— ఒక ఉపాధ్యాయుడు, టెక్కలి

జవాబు: మీ పిల్లలకు కారణం చెప్పడానికి ఇంగ్లీషు వ్యాకరణం దాకా వెళ్లనక్కరలేదు, తెలుగు పాఠంలో చదివిన జశ్త్వసంధి చాలు. దిక్కు అన్న అర్థంలో ‘దిక్’, దాని పక్కన ‘గజం’ చేరితే ‘దిగ్గజం’ అవుతుంది. కకారం తరువాతి గకారాన్ని చూసి తానూ గకారమైపోతుంది. ‘బ్లాక్’ పక్కన ‘గార్డ్’ చేరినప్పుడు ఇంగ్లీషువాడి నాలుక కూడా అదే పని చేసింది. ‘బ్లాగ్‌గార్డ్’ అయి, రెండు గకారాలు ఒకటిగా కలిసిపోయి, ఊనిక అంతా మొదటి అక్షరం మీద పడడంతో చివరి భాగం పొట్టిదై ‘బ్లాగర్డ్’గా మిగిలింది. సంస్కృత వైయాకరణులు సూత్రంగా చెప్పినదానిని లండను వీధిపిల్లలు సూత్రం తెలియకుండానే పాటించారు. నోరు మనిషికి ఎక్కడైనా ఒకటే.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మీ తరగతి గదిలోని అలమరనే చూపించండి. దానిని మనం ‘కబోర్డు’ అంటాము, ‘కప్‌బోర్డు’ అనము. అక్కడ పకారం తరువాతి బకారంలో కలిసిపోయింది. రాతలో ఉన్న పకారాన్ని పలకనందుకు ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే ఆ మాట మనకు చెవి ద్వారా వచ్చింది. ‘బ్లాగర్డ్’ మాత్రం కంటి ద్వారా, పుస్తకం ద్వారా వచ్చింది; అందుకే మనవాళ్లు రాసినట్టే చదివి ‘బ్లాక్ గార్డ్’ అన్నారు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో తరగతిలో అలాగే పలికాను. విరామ సమయంలో ఒక పెద్ద మాస్టారు నన్ను పక్కకు పిలిచి, ఎవరూ వినకుండా సరిదిద్దారు. ఆయన చూపిన ఆ మర్యాదను తలచుకున్నప్పుడల్లా కృతజ్ఞత కలుగుతుంది. ఉచ్చారణ తప్పినందువల్లనే బొబ్బిలి కుటుంబంలో అర్థం కూడా తప్పింది. ‘బ్లాగర్డ్’ అని చెవితో విన్నవారు దానిని రెండు ముక్కలు చేసి ‘నల్ల కావలివాడు’ అని అనుకునే అవకాశమే లేదు.

మన ఊరి పేరు విషయంలో ఇంగ్లీషువారు చేసినదీ ఇలాంటిదే. శ్రీకాకుళాన్ని వారి చెవి ‘చికాకోల్’గా విన్నది, అలాగే రాసుకున్నది. రాతను నమ్మాలా చెవిని నమ్మాలా అన్న ప్రశ్న వస్తే, మన ప్రాంతంలోనే పుట్టి వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు జనం నోటి వైపే నిలబడ్డారు. పరాయిభాష మాటకైనా మనం పాటించవలసిన పద్ధతి అదే.

ప్రశ్న: ఇది సైనిక దళం పేరని మా అన్నయ్య అంటున్నారు. ‘బ్లాక్ వాచ్’ అన్న దళం గురించి ఎక్కడో చదివారట. రెండూ ఒకటేనా?
— ఒక విద్యార్థి, నరసన్నపేట

జవాబు: కాదు. ‘బ్లాక్ వాచ్’ అన్నది స్కాట్లండు కొండప్రాంతపు ప్రసిద్ధ సైనిక దళం. 1725లో విడివిడి జట్లుగా మొదలై, 1739లో ఒక రెజిమెంటుగా ఏర్పడింది. ఆ సైనికులు ధరించే ముదురు రంగు గళ్ల బట్టను బట్టి ఆ పేరు వచ్చిందని సాధారణంగా చెబుతారు. అది గర్వంగా చెప్పుకునే పేరు. ‘బ్లాగర్డ్’ మాత్రం సైన్యాన్ని అనుకరిస్తూ వెక్కిరింతగా పుట్టిన మాట. మీ అన్నయ్యగారి ఊహ పూర్తిగా దారి తప్పింది కాదు. ‘దళం’ అన్న భావం రెండింటిలోనూ ఉంది.

ప్రశ్న: పాత ఇంగ్లీషు కథలను తెలుగు చేసే ప్రయత్నంలో ఉన్నాను. ఈ మాటతో పాటు ‘రాస్కెల్’, ‘స్కౌండ్రల్’, ‘కాడ్’, ‘నేవ్’ అన్న తిట్లు పదేపదే ఎదురవుతున్నాయి. అన్నిటికీ ‘వెధవ’ అని వేస్తే సరిపోతుందా?
— ఒక పరిశోధక విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: సరిపోదమ్మా. అనువాదంలో తిట్టును మోయడం తూకం వేసే పని. తిట్టినవాడు ఎవరు, తిట్లు తిన్నవాడు ఎవరు, చుట్టూ ఎవరు ఉన్నారు, తరువాత ఏం జరిగింది అన్న నాలుగు సంగతులు చూసుకోకుండా మాటను ఎంచుకోకూడదు.

‘రాస్కెల్’ పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. మొదట అలగా జనం, గుంపు అని అర్థం. వేటగాళ్లు మందలోని బక్కచిక్కిన జింకను కూడా అలా అనేవారు. ఇంగ్లీషులో అది కాలక్రమంలో చల్లబడి, అల్లరి పిల్లవాడిని ముద్దుగా అనే మాట అయింది. తెలుగులోకి వచ్చిన రాస్కెల్ మాత్రం చల్లబడలేదు. మన దగ్గర ఇప్పటికీ చొక్కా పట్టుకునేదాకా తీసుకుపోతుంది. అందుచేత ఇంగ్లీషు కథలో తాత మనవడిని రాస్కెల్ అంటే తెలుగులో రాస్కెల్ అని వేయకూడదు. మన ఊళ్లలో ముసలమ్మలు మురిపెంగా అనే ‘దొంగసచ్చినోడా’ దానికి సరిగ్గా అమరుతుంది. ‘స్కౌండ్రల్’ మోసం, నమ్మకద్రోహం ఉన్న చోట వస్తుంది, దగుల్బాజీ అనవచ్చు. ‘కాడ్’ మొదట గుర్రపు బస్సు కండక్టరుకూ, విశ్వవిద్యాలయపు ఊళ్లలో చదువుకోని స్థానిక కుర్రాళ్లకూ వాడిన చులకన మాట. తరువాత పెద్ద ఇంట పుట్టి, ముఖ్యంగా ఆడవారి పట్ల పరువుతక్కువ పని చేసినవాడికి స్థిరపడింది.

‘నేవ్’ దగ్గర మాత్రం మన ప్రాంతం వారు కాసేపు ఆగాలి. ఆ మాటకు మొదటి అర్థం కేవలం ‘కుర్రవాడు’. దానికి చుట్టమైన జర్మను మాటకు నేటికీ అదే అర్థం. కుర్రవాడు పనికుర్రవాడయ్యాడు, పనికుర్రవాడు మోసగాడయ్యాడు. పేకముక్కలలో మనం జాకీ అనే బొమ్మకు ఇంగ్లీషులో పాత పేరు అదే. ఉత్తరాంధ్రలో ‘గుంటడు’ అన్న మాటను గమనించండి. ఇంట్లో ‘మా గుంటడు’ అంటే మా అబ్బాయి అని ప్రేమగా చెప్పడమే. అదే మాట పంచాయతీలో ఒక పెద్దమనిషిని ఉద్దేశించి ‘నిన్న మొన్నటి గుంటడు’ అంటే తగువు తప్పదు. ఆ ఇంగ్లీషు మాట నడిచిన దారిలో మొదటి రెండడుగులు ఇవే.

ఇక మీరు సూచించిన ‘వెధవ’ గురించి. అది ‘విధవ’ అన్న మాటకు వికృతి. భర్త పోయిన స్త్రీని అశుభంగా చూసిన సమాజం, ఆమెను సూచించే మాటనే మగవారి మీద తిట్టుగా విసరడం నేర్చుకుంది. ఇంగ్లండువారు అంట్లు తోమేవాడి కష్టాన్ని తిట్టు చేస్తే, మనం ఒక ఆడమనిషి దుఃఖాన్ని తిట్టు చేశాము. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు; 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం, పసిపిల్లలను ముసలివారికి అమ్మి వితంతువులను చేసే దురాచారాన్ని నలుగురి ముందు నిలబెట్టింది. అంత జరిగినా, ఆ తిట్టు మాత్రం నేటికీ మన నోటి నుంచి పోలేదు. నోరు జారడంలో అలవాటైపోయి దాని పుట్టుక మనకు తోచదు. నా అభిప్రాయం అడిగితే, రచనలో పాత్ర స్వభావం కోసం తప్పనిసరి అయితే తప్ప ఆ మాటను వాడకపోవడం మంచిది.

‘బ్లాగర్డ్’ను కాలాన్ని బట్టి విడదీసుకోండి. కథ 18వ శతాబ్దపు లండను వీధులది అయితే ‘పోకిరి’, ‘వీధిపోకిరి’ అనవచ్చు. 19వ శతాబ్దం తరువాతిదై, పరువుగల మనుషుల మధ్య జరిగితే ‘నీచుడు’, ‘నీతిమాలినవాడు’, ‘తుచ్ఛుడు’ అన్నవి తగినవి. అదే మాట క్రియగా కూడా వస్తుంది. ఒకరిని ‘బ్లాగర్డ్’ చేయడమంటే నోటికి వచ్చినట్టు తిట్టిపోయడం. క్రియను చూసి నామవాచకమనుకుంటే వాక్యం అంతా తలకిందులవుతుంది, జాగ్రత్త.

ప్రశ్న: ఒకరిని ఇలాంటి మాట అంటే చట్టప్రకారం నేరమా? ఇంగ్లండులో దీని మీద నిషేధం ఏమైనా ఉందా?
— ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: మన చట్టంలో తిట్ల జాబితా లేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 504వ సెక్షను, ఎదుటివారిని రెచ్చగొట్టేలా కావాలని అవమానించి, అందువల్ల వారు శాంతిభంగం చేయాలని ఉద్దేశించడాన్ని లేదా చేయవచ్చునని తెలిసి ఉండడాన్ని నేరంగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 352వ సెక్షనుగా ఉంది. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. న్యాయస్థానం చూసేది మాటను ఒక్కదాన్నే కాదు, ఉద్దేశాన్ని, సందర్భాన్ని. బొబ్బిలి తాతగారి కాలంలోనూ ఆ 504వ సెక్షను ఉంది. దాని గడప తొక్కి దొర మీద ఫిర్యాదు చేయగల ధైర్యం ఒక గుమాస్తాకు ఎంతవరకు ఉండేదన్నది వేరే సంగతి.

ఇంగ్లండులో సాధారణ వాడుకలో నిషేధం ఏమీ లేదు గాని, అక్కడి పార్లమెంటు దిగువ సభలో సభ్యులు ఒకరినొకరు దూషించుకోరాదన్న నియమం ఉంది. సభాపతులు ఇంతకాలంగా అభ్యంతరం చెబుతూ వచ్చిన మాటలలో పిరికిపంద, ద్రోహి, ఎలుక, పంది వంటి వాటితో పాటు ‘బ్లాగర్డ్’ కూడా ఉంది. వంటింటి మసిగిన్నెల దగ్గర పుట్టిన మాట అంత పెద్ద సభలో అభ్యంతరానికి గురయ్యేంత బరువెక్కింది.

ప్రశ్న: మా నాటక బృందం ఇంగ్లీషువారి కాలపు కథతో ఒక నాటిక సిద్ధం చేస్తోంది. దొర పాత్ర గుమాస్తాను ఈ మాటతో తిట్టే దృశ్యం ఉంది. నేటి ప్రేక్షకులకు అది అర్థమవుతుందా? ఈ మాటను ఇంకా ఎక్కడైనా వాడుతున్నారా? నటుడు దానిని ఎలా పలకాలి?
— ఒక నాటక దర్శకుడు, విజయనగరం

జవాబు: నేటి ఇంగ్లండులో ఇది పాతబడిన మాట. చారిత్రక కథలలోనూ, ముసలివారి మాటలలోనూ తప్ప అరుదుగా వినిపిస్తుంది. ఐర్లండులో మాత్రం కొంత ప్రాణంతో ఉంది. అక్కడ అల్లరి పిల్లవాడిని, చిలిపి పనులు చేసేవాడిని కూడా అలా అంటారు, కోపం లేకుండా. ఆ దేశంలోనే ఒకప్పుడు ‘ఐరిష్ బ్లాగర్డ్’ అన్న పేరుతో ఒక నస్యం ప్రసిద్ధికెక్కింది. డబ్లినులో లండీ ఫుట్ అనే వ్యాపారి దుకాణం దానికి పేరుపొందింది. బాగా వేయించిన పొగాకుతో చేసిన ఘాటైన ముక్కుపొడుం అది. మన తాతలు వెండి డబ్బీలో పెట్టుకుని చిటికెడు పీల్చిన పొడుం లాంటిదే. ఒక తిట్టు సరుకు పేరుగా చలామణి అయ్యిందంటే, ఆ ఊళ్లో దాని పదును ఎంత తగ్గిందో మీరే ఊహించవచ్చు. మీ దొర ఐర్లండువాడు కాకుండా చూసుకోండి. లేకపోతే ఆ మాటకు మీరు కోరుకున్న బరువు రాదు.

విజయనగరం ప్రేక్షకులకు రంగస్థలం మీద ఇంగ్లీషు తిట్టు కొత్త కాదు. గిరీశం నోటి ‘డామిట్’ను నాలుగు తరాలుగా వింటున్న ఊరు ఇది. అయితే గిరీశం ఇంగ్లీషు నవ్విస్తుంది, మీ దొర ఇంగ్లీషు గాయం చేయాలి. అందుకని ముందుగానే ఒక చిన్న సంభాషణతో ఆ మాట బరువును ప్రేక్షకులకు తెలియజేయడం అవసరం. ఉదాహరణకు, అంతకు ముందటి దృశ్యంలో ఇద్దరు దొరలు దాని మీద తగవు పడి, ఒకరు క్షమాపణ చెప్పేదాకా రెండోవాడు ఊరుకోనట్టు చూపితే, తరువాత అదే మాట గుమాస్తా మీద పడినప్పుడు ఎవరూ క్షమాపణ అడగరన్న తేడా విడిగా చెప్పకుండానే తెలుస్తుంది.

నటుడిని ‘బ్లాక్ గార్డ్’ అని రెండు మాటలుగా పలకనివ్వకండి. ‘బ్లా’ మీద ఊని, మిగిలినది పొట్టిగా విడిచిపెట్టాలి. అరవనవసరం లేదు. గొంతు పెంచకుండా, ఎదుటివాడి కళ్లలోకి చూసి అంటే చాలు. ఆ తరువాత గుమాస్తా పాత్రధారి వెంటనే జవాబు చెప్పకుండా, చేతిలోని లెక్కల పుస్తకాన్ని మూసి, దొర బల్ల మీద పెట్టి, కలాన్ని దాని పక్కన ఉంచి, తలుపు వైపు నడవాలి. బొబ్బిలి పాఠకురాలు అనుమతిస్తే, ఆ రాజీనామాలోని వాక్యాన్ని అప్పుడు తెర వెనుకనుంచి చదివించవచ్చు. ఆమె అనుమతి ఇస్తే చిరునామా మీకు విడిగా పంపుతాము.